మెక్‌డవెల్ కౌంటీని ఒక్క ఎన్నికతో కొలవొద్దు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో అమెరికా పల్లె ఓటర్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. వెస్ట్ వర్జీనియా బొగ్గు కొండల వాళ్ళు తరతరాలుగా రిపబ్లికన్లనీ, చదువు లేక, లోకజ్ఞానం లేక ట్రంప్‌కు గంపగుత్తగా ఓట్లేస్తున్నారనీ అందులో రాశారు. మొదటి మాట తప్పు. రెండో మాట అన్యాయం. ఆ రెండింటినీ సరిదిద్దమని అడగడానికే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అయింది. అయినా కుదించకుండా వేయమని మనవి.

నేను ఊపిరితిత్తుల డాక్టర్‌ని. డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేస్తామని ఒప్పుకుంటే విదేశీ డాక్టర్లను అమెరికాలో ఉండనిచ్చే జె-1 వెయివర్ పద్ధతి ఒకటి ఉంది. దాని మీదే వెస్ట్ వర్జీనియా వచ్చాను. గడువు తీరాక చాలామంది పెద్ద నగరాలకు వెళ్ళిపోతారు, వాళ్ళను తప్పుపట్టను. నేను మాత్రం ఉండిపోయాను. ఇల్లు బ్లూఫీల్డ్‌లో. రోగుల్లో ఎక్కువమంది పక్కనున్న మెక్‌డవెల్ కౌంటీ వాళ్ళు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. వాళ్ళ ఎక్స్-రేలు చూస్తాను, ఊపిరి ఎంతసేపు ఊదగలరో కొలుస్తాను, పరిహారం కాగితాల మీద సంతకాలు పెడతాను. ఏప్రిల్ వచ్చిందంటే కొండల్లో మొలిచే రాంప్స్ అనే ఘాటైన అడవి ఉల్లి కట్టలు కట్టి తెచ్చిస్తారు. వాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను.

ముందు ఆ నేల సంగతి. వెస్ట్ వర్జీనియా పటంలో అట్టడుగున, వర్జీనియా సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది మెక్‌డవెల్. విస్తీర్ణం సుమారు 535 చదరపు మైళ్ళు. అందులో చదును నేల వెతుక్కోవాల్సిందే. నిటారు కొండలు, మధ్యలో సన్నటి లోయలు. ప్రతి లోయలో ఒక వాగు, వాగు పక్కన రైలు పట్టాలు, పట్టాల పక్కన రోడ్డు. మిగిలిన జాగాలో ఇళ్ళు. బ్లూఫీల్డ్ నుంచి 52వ నంబర్ రోడ్డు పట్టుకుని వెళ్తే ఎల్క్‌హార్న్ క్రీక్ ఒడ్డున నార్త్‌ఫోర్క్, కీస్టోన్, కింబల్ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. వెల్చ్ దగ్గర ఆ వాగు టగ్ ఫోర్క్ నదిలో కలుస్తుంది. కౌంటీ కేంద్రం వెల్చ్. ఇంటర్‌స్టేట్ హైవే ఒక్కటి కూడా ఈ కౌంటీలోంచి పోదు. ఎంత దూరం అని ఎవరినడిగినా మైళ్ళలో చెప్పరు, గంటల్లో చెబుతారు. మలుపుల రోడ్డు మీద బొగ్గు లారీ వెనక చిక్కుకుంటే ఆ గంటలకూ లెక్క ఉండదు. గుండెనొప్పి వచ్చినవాడికి ఈ దూరం అంటే ఏమిటో నేను వేరే చెప్పనక్కర్లేదు.

లోయ సన్నం కాబట్టి వరద వస్తే ఇల్లు, రోడ్డు, పట్టాలు, మంచినీటి పైపు అన్నీ ఒకేసారి పోతాయి. 2001 జూలైలో అలాగే జరిగింది. ఏడాది తిరక్కముందే 2002 మేలో మళ్ళీ వచ్చింది. 2025 ఫిబ్రవరి వరదలో ఈ ఒక్క కౌంటీలోనే ముగ్గురు చనిపోయారు, వాళ్ళలో ఒకరు పసిబిడ్డ. ఆ తర్వాత కొన్ని వారాల పాటు నా పని వైద్యం కన్నా ఫోన్లే. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం పెట్టుకుని బతుకుతున్నవాళ్ళకు యంత్రాలు బురదలో కలిసిపోయాయి, కరెంటు లేదు, కొత్త యంత్రం తెచ్చే వ్యానుకు దారి లేదు. పక్క లోయ కుర్రాళ్ళు నాలుగు చక్రాల ఏటీవీ బండ్ల మీద కొండ ఎక్కి సిలిండర్లు చేరవేశారు. ఎవరూ చెప్పకుండానే చేశారు.

ఇప్పుడు మీ మొదటి తప్పు దగ్గరికి వస్తాను.

ఈ కౌంటీ 1858లో ఏర్పడింది. అప్పటికి వెస్ట్ వర్జీనియా రాష్ట్రమే లేదు, వర్జీనియాలో భాగంగా ఉండేది. 1880ల్లో, 1890ల్లో నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైలు వచ్చాక దీని రాత మారింది. ఇక్కడి పోకహాంటస్ బొగ్గు పొగ తక్కువగా వచ్చే మేలురకం, ఉక్కు కొలిమికి కావలసిన రకం. దాన్ని తవ్వడానికి ఇటలీ, హంగరీ, పోలండ్ నుంచి మనుషులు దిగారు. దక్షిణాది రాష్ట్రాల పత్తి చేలు వదిలి నల్లజాతి కుటుంబాలు పెద్ద సంఖ్యలో వచ్చాయి. దక్షిణాదిలో నల్లవాళ్ళ ఓటుహక్కును రకరకాల చట్టాలతో లాగేసుకుంటున్న రోజుల్లో వెస్ట్ వర్జీనియాలో వాళ్ళు ఓటేయగలిగారు. అమెరికా మొత్తంలో ఒక రాష్ట్ర శాసనసభలో కూర్చున్న మొదటి నల్లజాతి మహిళ మిన్నీ బకింగ్‌హామ్ హార్పర్. భర్త చనిపోగా ఖాళీ అయిన స్థానంలో గవర్నర్ ఆమెను 1928లో నియమించారు. ఆమెది ఈ కౌంటీలోని కీస్టోన్. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన నల్లజాతి సైనికుల స్మారక భవనం అదే ఏడాది కింబల్‌లో కట్టారు, ఇప్పటికీ ఉంది. రోడ్డు మీంచే కనిపిస్తుంది, నాలుగు పెద్ద స్తంభాలతో. పల్లె అమెరికా అంటే తెల్లవాళ్ళు మాత్రమే అని రాసేవాళ్ళు ఒకసారి ఆ మెట్లెక్కి చూడాలి.

హార్పర్ రిపబ్లికన్. లింకన్ పార్టీ అనే అభిమానంతో ఆ రోజుల్లో ఇక్కడి నల్లవాళ్ళు రిపబ్లికన్లుగా ఉండేవాళ్ళు. గని యజమానుల్లో చాలామందీ రిపబ్లికన్లే. 1930ల్లో అంతా తిరగబడింది. 1933లో యూనియన్ పెట్టుకునే హక్కు చట్టంలోకి ఎక్కడంతో యునైటెడ్ మైన్ వర్కర్స్ యూనియన్ ఈ లోయల్లో నిలదొక్కుకుంది. డెమోక్రాట్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఫోటో ఇళ్ళలో గోడకెక్కింది. అక్కడి నుంచి 2008 దాకా దాదాపు ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ మెక్‌డవెల్ డెమోక్రాట్ల వైపే నిలిచింది. 2008లో బరాక్ ఒబామాకు ఇక్కడ 53 శాతం ఓట్లు వచ్చాయి. తరతరాల రిపబ్లికన్లు ఎక్కడున్నారు ఇందులో?

ఆ యూనియన్ ఊరికే రాలేదు. అంతకు ముందు కార్మికుడుండే ఇల్లు కంపెనీది, సరుకులు కొనే దుకాణం కంపెనీది, జీతంలో కొంత ఆ దుకాణంలో తప్ప చెల్లని కంపెనీ బిళ్ళల్లో ఇచ్చేవాళ్ళు. యూనియన్ పేరెత్తినవాణ్ణి సామాన్లతో సహా ఇంట్లోంచి గెంటడానికి బాల్డ్విన్-ఫెల్ట్స్ అనే ప్రైవేటు డిటెక్టివ్ సంస్థ ఉండేది. పక్కనున్న మింగో కౌంటీలో మేట్‌వాన్ పోలీస్ చీఫ్ సిడ్ హాట్‌ఫీల్డ్ కార్మికుల పక్షాన నిలబడ్డాడు. 1921 ఆగస్టు 1న వెల్చ్ కోర్టు మెట్ల మీద, చేతిలో ఆయుధం లేకుండా భార్యతో కలిసి ఎక్కుతుండగా, ఆ సంస్థ మనుషులు అతన్నీ అతని స్నేహితుడు ఎడ్ చేంబర్స్‌నూ కాల్చి చంపారు. ఆ కోపంతోనే దాదాపు పదివేల మంది గని కార్మికులు తుపాకులు పట్టుకుని లోగన్ కౌంటీలోని బ్లెయిర్ కొండ వైపు కదిలారు. ఆ కోర్టు భవనం ఇప్పటికీ కోర్టుగానే ఉంది. నా దగ్గరికి వచ్చే ముసలివాళ్ళు ఆ కథను తమ తాతలు చెప్పినట్టు చెబుతారు, తేదీతో సహా. వీళ్ళనా బయటి ప్రపంచం తెలియనివాళ్ళని రాసింది?

1950 జనాభా లెక్కల్లో మెక్‌డవెల్ జనం 98,887. 2020లో 19,111. అయిదుగురిలో నలుగురు లేకుండా పోయారు. ఆ పంతొమ్మిది వేలలో కూడా ఫెడరల్ జైలు ఖైదీలు కలిసే ఉన్నారు. 2010లో వెల్చ్ దగ్గర ఆ జైలు తెరిచారు, జనాభా లెక్కలవాళ్ళు ఖైదీని జైలున్న చోటే లెక్కిస్తారు.

బొగ్గు ఉద్యోగాలను ఒబామా, ఆయన పర్యావరణ నిబంధనలు చంపేశాయని నా రోగుల్లో చాలామంది నమ్ముతారు. ఈ విషయంలో నేను వాళ్ళతో ఏకీభవించను. వాళ్ళ ముందే ఆ మాట అంటాను. 1950 నుంచి 1960 మధ్యలోనే జనాభా 98 వేల నుంచి 71 వేలకు పడిపోయింది. అప్పటికి పర్యావరణ శాఖ పుట్టనే లేదు. కంటిన్యువస్ మైనర్ అనే యంత్రం వచ్చి పదుల మంది పని ఒక్కటే చేసేసింది. యూనియన్ నాయకుడు జాన్ ఎల్. లూయిస్ 1950 ఒప్పందంలో ఆ యంత్రాలకు ఒప్పుకుని, బదులుగా టన్నుకు ఇంత అని కార్మికుల ఆరోగ్య నిధికి రాబట్టాడు. పని దొరికినవాడికి ఆసుపత్రి దొరికింది, పని పోయినవాడు ఒహాయో, మిషిగన్ ఫ్యాక్టరీలకు బస్సెక్కాడు. తర్వాత 1980ల్లో అమెరికా ఉక్కు పరిశ్రమ కూలింది, 1986లో యూఎస్ స్టీల్ గ్యారీ పట్టణం చుట్టూ ఉన్న గనులు మూసేసింది. ఆ దెబ్బ నుంచి కౌంటీ కోలుకోలేదు. ఆ కంపెనీ ఛైర్మన్ ఎల్బర్ట్ గ్యారీ పేరు పెట్టుకున్న ఊరు అది.

మరి ఇన్ని కోట్ల టన్నుల బొగ్గు పోయిన నేలలో డబ్బెందుకు మిగల్లేదు? దీనికి జవాబు భూమి పత్రాల్లో ఉంది. రైలు రావడానికి కాస్త ముందు, వచ్చిన తర్వాత బయటి పెట్టుబడిదారులు కొండల్ని చవగ్గా కొనేశారు. కొన్నిచోట్ల పైన నేలను రైతుకే ఉంచి కింద ఖనిజాన్ని మాత్రం రాయించుకున్నారు. పోకహాంటస్ ల్యాండ్ కంపెనీ రైల్వేకు అనుబంధం. అది తవ్వేది కాదు, తవ్వేవాళ్ళకు భూమి కౌలుకిచ్చి రాయల్టీ తీసుకునేది. కౌంటీలో భూమి అత్యధిక భాగం ఈనాటికీ బయటి కంపెనీల చేతుల్లోనే ఉంది. ఇక్కడ పుట్టినవాడు ఒక చిన్న షాపు కట్టుకుందామన్నా వరద రాని చోట జాగా అమ్మేవాళ్ళుండరు. తవ్విన బొగ్గు విలువ మీద రాష్ట్రం 5 శాతం సెవరెన్స్ పన్ను వేసేది, ఉక్కు కొలిమికి పోయే రకం మీద ఇప్పటికీ అంతే. అందులో స్థానిక ప్రభుత్వాలకు తిరిగొచ్చేది చాలా చిన్న తునక. గనులు బాగా నడిచిన ఏడాది కౌంటీ కమిషన్ కొంచెం ఊపిరి పీల్చుకుంటుంది. ఉక్కు ధర పడితే షెరిఫ్ మనుషుల్ని తగ్గించే మాట వస్తుంది. ఇక్కడ షెరిఫ్ పోలీసు అధికారి మాత్రమే కాదు, పన్ను వసూలు చేసేదీ ఆయనే. అందుకే కౌంటీ ఎన్నికల్లో అధ్యక్ష పదవి కన్నా షెరిఫ్ పదవికి ఎవరు నిలబడుతున్నారనేదే జనం ఎక్కువగా మాట్లాడుకుంటారు.

మిగిలినవి మీకు తెలిసిన రకం కష్టాలే కాబట్టి ఎక్కువ రాయను. 2016 జనవరిలో వాల్‌మార్ట్ ప్రపంచమంతా 269 దుకాణాలు మూస్తున్నట్టు ప్రకటించింది. వాటిలో కింబల్ దగ్గరి దుకాణం ఒకటి. కూరగాయలు, మందులు, వందకు పైగా ఉద్యోగాలు ఒక్కసారే పోయాయి. పాత గనుల కాలనీల నీటి పైపులు పాడై ఏళ్ళ తరబడి నీళ్ళు కాచుకుని తాగిన ఊళ్ళున్నాయి. రోడ్డు పక్క కొండలోంచి కారే పైపు దగ్గర డబ్బాలు పట్టుకుని నిలబడేవాళ్ళను నేను దారిలో ఎప్పుడూ చూస్తూనే ఉంటాను. నొప్పి మాత్రల మత్తు తీసుకెళ్ళిపోయిన పిల్లల తల్లిదండ్రులు నా రోగుల్లో ఉన్నారు. వాళ్ళలో కొందరు తమ ముక్కున ఆక్సిజన్ గొట్టంతోనే మనవల్ని పెంచుతున్నారు. 2010 నాటి లెక్కల్లో మెక్‌డవెల్ మగవాళ్ళ సగటు ఆయుష్షు సుమారు 64 ఏళ్ళు. ఇక్కడి నుంచి అయిదారు గంటల ప్రయాణంలో, వాషింగ్టన్ పక్కనున్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో 82. ఈ రెండు అంకెలు చూసినప్పుడు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఎన్నికల గురించి రాసేవాళ్ళు తప్పక తెలుసుకోవలసిన మరో కథ కెన్నెడీది. 1960లో ఆయన వెస్ట్ వర్జీనియా ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక, కోసం వెల్చ్ వచ్చారు. ప్రొటెస్టెంట్ రాష్ట్రంలో కాథలిక్ గెలుస్తాడా అని దేశమంతా చూస్తున్న పోటీ అది. ఆకలితో ఉన్న గని కుటుంబాలను ఇక్కడ చూశారు. 1961 జనవరి 21న, అంటే అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన మర్నాడే, పేదలకు ఆహారం పంపిణీ పెంచుతూ తొలి కార్యనిర్వాహక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. అదే ఏడాది మే 29న పేదలు సరుకులు కొనుక్కునే ఫుడ్ స్టాంపుల కొత్త ప్రయోగంలో తొలి స్టాంపులు వెల్చ్‌లోనే ఇచ్చారు. అందుకున్నది పేన్స్‌విల్ ఊళ్ళో 15 మంది ఉన్న ఒక ఇల్లు, విలువ 95 డాలర్లు. ఇప్పుడు దేశమంతా వాడుతున్న ఆ పథకం పుట్టిల్లు ఇదే. ఒక నాయకుడు వచ్చాడు, చూశాడు, వెంటనే ఏదో చేశాడు. ఆ జ్ఞాపకం ఇక్కడ చాలా లోతుగా ఉంది. తర్వాతివాళ్ళను కూడా దానితోనే కొలిచారు.

2016 మార్చిలో హిల్లరీ క్లింటన్ ఒక టీవీ సభలో చాలామంది గని కార్మికులకూ కంపెనీలకూ పని లేకుండా చేయబోతున్నాం అన్నారు. ఆమె వెంటనే ఆ కార్మికులను వదిలేయకూడదని కూడా అన్నారు, కానీ రెండో సగం ఇక్కడ ఎవరికీ చేరలేదు. ఆ మేలో డెమోక్రాటిక్ ప్రైమరీలో బెర్నీ శాండర్స్ రాష్ట్రంలోని 55 కౌంటీలూ గెలిచారు, మెక్‌డవెల్ సహా. సోషలిస్టునని బహిరంగంగా చెప్పుకునే మనిషి. నవంబర్‌లో అదే కౌంటీలో ట్రంప్‌కు దాదాపు నాలుగింట మూడొంతుల ఓట్లు పడ్డాయి. 2017 మార్చిలో శాండర్స్ మళ్ళీ ఇక్కడికే వచ్చి టీవీ సభ పెడితే, ఆరోగ్యం ప్రతి ఒక్కరి హక్కు అన్న మాటకు జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ట్రంప్‌కు ఓటేసినవాళ్ళు కూడా ఉన్నారు. మరుసటి ఏడాది, 2018 ఫిబ్రవరిలో, రాష్ట్రంలోని 55 కౌంటీల టీచర్లూ సమ్మెకు దిగి బడులన్నీ మూయించారు. రిపబ్లికన్ల శాసనసభ చేత 5 శాతం జీతం పెంపు తెచ్చుకున్నారు. ఈ వరసను ఒక్క పార్టీ పేరుతో చెప్పడం కుదరదు.

ఇంకో అంకె. 2008లో ఒబామాకు ఈ కౌంటీలో పడినవి సుమారు 3,400 ఓట్లు. 2016లో ట్రంప్‌కు సుమారు 4,600. గెలిచినవాడికి కూడా అంతే. రాష్ట్రంలో అతి తక్కువ పోలింగ్ జరిగే కౌంటీల్లో ఇదొకటి. నా రోగులను ఓటేశారా అని నేను అడగను, వాళ్ళే చెబుతారు. ఎక్కువమంది చెప్పేది ఎవరికి వేశామని కాదు, అసలు వెళ్ళలేదని. గంపగుత్తగా ఓట్లేశారని రాసేముందు వెయ్యనివాళ్ళను లెక్కపెట్టండి.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలచింది బ్లాక్ లంగ్ గురించి. మీ వ్యాసంలో ఆ మాటే లేదు.

గనిలో పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడే జబ్బు ఇది. మందు లేదు. పోయిన ఊపిరి తిరిగి రాదు. ఫార్మింగ్‌టన్ గనిలో 1968 నవంబర్‌లో పేలుడు జరిగి 78 మంది చనిపోయాక, 1969లో వెస్ట్ వర్జీనియాలో నలభై వేల మంది కార్మికులు బ్లాక్ లంగ్ పరిహారం కోసం పని ఆపేశారు. ఆ ఏడాదే అమెరికా కాంగ్రెస్ బొగ్గు గనుల ఆరోగ్య, భద్రతా చట్టం చేసింది. దుమ్ముకు తొలిసారి దేశవ్యాప్తంగా పరిమితి వచ్చింది, జబ్బు తగ్గుతూ వచ్చింది. 1990ల చివరికి ఇక ఇది ముసలివాళ్ళ జబ్బు, వాళ్ళతో పోతుంది అనుకున్నారు.

పోలేదు. మంచి మందపాటి పొరలన్నీ తవ్వేశారు. ఇప్పుడు మిగిలినవి సన్నటి పొరలు. యంత్రం పట్టాలంటే బొగ్గుతో పాటు పైనా కిందా ఉన్న ఇసుకరాయిని కూడా కోయాలి. ఆ రాయిలోంచి వచ్చే సిలికా ధూళి బొగ్గు దుమ్ము కన్నా ఎన్నో రెట్లు ప్రమాదం. గని పైకప్పుకు బోల్టులు బిగించే రూఫ్ బోల్టర్లు నేరుగా రాయిలోకే డ్రిల్లు దింపుతారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో నలభైల్లో ఉన్నవాళ్ళున్నారు. ఎక్స్-రేలో ఊపిరితిత్తి పైభాగంలో తెల్లటి గడ్డలు కనిపిస్తాయి. పిల్లవాడితో బంతి ఆడలేను డాక్, అంటాడు, ముందు అదే చెబుతాడు. సరిహద్దుకు అవతల నైరుతి వర్జీనియాలోని మూడు క్లినిక్‌లలో 2013 నుంచి 2017 మధ్య ఈ జబ్బు అతి తీవ్ర దశలో ఉన్న 416 మందిని గుర్తించారు. ఆ లెక్క 2018లో వైద్య పత్రికలో వచ్చింది. మా కొండలు కూడా ఉన్న మధ్య అపలేచియా ప్రాంతం గనుల్లో 25 ఏళ్ళు పైబడి పనిచేసినవాళ్ళలో అయిదుగురిలో ఒకరికి ఈ జబ్బు ఉందని అదే ఏడాది మరో పరిశోధన చెప్పింది.

పరిహారం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడే ఇక్కడి రాజకీయం ఉంది. కార్మికుడు దరఖాస్తు పెడితే జబ్బు సిగరెట్ల వల్ల వచ్చిందని కంపెనీ తరఫు డాక్టర్లు రాస్తారు. భూమి లోపల 15 ఏళ్ళు పనిచేసి, ఊపిరితిత్తులు పూర్తిగా దెబ్బతింటే అది గని వల్లే అని అనుకోవాలనే నియమం ఒకప్పుడు ఉండేది. 1981లో తీసేశారు. 2010లో సెనేటర్ రాబర్ట్ బర్డ్ దాన్ని మళ్ళీ పెట్టించారు. ఎందులో అంటే, ఒబామాకేర్ అని అందరూ పిలిచే ఆరోగ్య బీమా చట్టంలో. ఆ పేరంటే పడని నా రోగికి, అతని తర్వాత అతని భార్యకు, అండగా ఉన్నది ఆ ఒక్క సెక్షన్. ఈ సంగతి వాళ్ళకు చెప్పడం నా పనిలో భాగం చేసుకున్నాను. చాలామంది మౌనంగా వింటారు. కొందరు, మరి మాకెవరూ చెప్పలేదే, అంటారు. ఆ ప్రశ్న డెమోక్రాట్లు వినాల్సింది. 2024లో ఒంటరి కార్మికుడికి నెలకు వచ్చిన మొత్తం ఏడువందల డాలర్ల పైచిలుకు. అంతకోసం ఏళ్ళ తరబడి వాదించాలి.

2024 ఏప్రిల్‌లో ఫెడరల్ గనుల భద్రతా విభాగం సిలికా పరిమితిని సగానికి, అంటే ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములకు, తగ్గిస్తూ నిబంధన తెచ్చింది. మిగతా పరిశ్రమల కార్మికులకు అదే పరిమితి 2016 నుంచే ఉంది. బొగ్గు గనులు 2025 ఏప్రిల్ 14 నుంచి పాటించాలి. ఆ తేదీకి కొద్దిరోజుల ముందు ట్రంప్ ప్రభుత్వం అమలు వాయిదా వేసింది, పరిశ్రమ సంఘాలు వేసిన కేసులో అప్పీలు కోర్టు దాన్ని ఆపింది. అదే నెలలో మోర్గన్‌టౌన్‌లో కార్మికుల ఎక్స్-రేలు ఉచితంగా చూసే ప్రభుత్వ విభాగం ఉద్యోగులను తీసేస్తే, ఒక గని కార్మికుడే కోర్టుకు వెళ్ళాడు. మేలో ఫెడరల్ జడ్జి ఆ ఉద్యోగులను వెనక్కి తీసుకోమన్నారు. యూనియన్ గట్టిగా నిలబడింది. ఇది నాకు పార్టీల గొడవ కాదు. గనిలోకి దిగే ప్రతి షిఫ్టూ ఎవరో ఒకరి ఊపిరితిత్తిలో గీత పెడుతోంది, ఆ గీతను ఎక్స్-రేలో చూసి చెప్పాల్సింది నేను.

దీనికి తోడు 2025 జూలై 4న సంతకమైన చట్టం పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ మీద నెలకు 80 గంటల పని షరతు పెట్టింది, 2027 నుంచి అమలు. పల్లె ఆసుపత్రులకు అయిదేళ్ళలో 50 బిలియన్ డాలర్ల నిధి కూడా అందులో ఉంది, దాన్ని కాదనను. కానీ ఉద్యోగమే లేని లోయలో గంటలెలా చూపించాలి? ఇంటర్నెట్ సరిగ్గా రాని ఇంట్లోంచి ప్రతిసారీ కాగితాలు ఎలా పంపాలి? జబ్బుతో పని చేయలేనివాళ్ళకు మినహాయింపు ఉంది, అయితే అది నిరూపించుకోవాల్సింది జబ్బుపడ్డవాడే. వాళ్ళ కాగితాలు నింపడానికి మా క్లినిక్‌లో మనుషులు చాలరు.

ఇంత రాశాక నేను కోరేవి కొన్నే. మెక్‌డవెల్ తరతరాల రిపబ్లికన్ కౌంటీ కాదనీ, 2008 దాకా డెమోక్రాట్లను గెలిపించిందనీ మీరు సవరణ వేయాలి. ఇక్కడి మనుషుల చదువు గురించి రాసిన వాక్యాన్ని వెనక్కి తీసుకోవాలి. ఆ వాక్యం చదివే తెలుగు కుర్రాడు రేపు రెసిడెన్సీ ముగించి, ఏ రాష్ట్రంలో వెయివర్ తీసుకోవాలా అని ఆలోచిస్తుంటాడు. ప్రతి రాష్ట్రానికీ ఏడాదికి 30 వెయివర్లు ఉంటాయి. ఆ కుర్రాడు మీ వ్యాసం చదివి వెస్ట్ వర్జీనియా పేరు కొట్టేస్తే నష్టపోయేది నా రోగులు.

2026 నవంబర్‌లో మధ్యంతర ఎన్నికలున్నాయి, ఈ రాష్ట్రం నుంచి సెనేటర్ షెల్లీ మూర్ కాపిటో స్థానానికీ పోటీ ఉంది. అప్పుడు మళ్ళీ రాస్తారు కదా. ఈసారి వాషింగ్టన్‌లో కూర్చుని కాక, ఇక్కడికి మీ విలేఖరిని పంపండి. బ్లూఫీల్డ్ దాకా వస్తే చాలు, వెల్చ్‌కు నేనే తీసుకెళ్తాను. మాట్లాడడానికి ఇష్టపడే కార్మికులున్నారు, వాళ్ళ అనుమతి తీసుకుని కలిపిస్తాను. సిలికా నిబంధన గురించి, ఆగిన తేదీ గురించి వాళ్ళనే అడగమనండి. దారిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, కాబట్టి వచ్చే రోజు ముందే తెలియజేయండి.

ఇట్లు,
ఒక తెలుగు డాక్టర్,
బ్లూఫీల్డ్, వెస్ట్ వర్జీనియా
(రోగుల గోప్యత దృష్ట్యా నా పేరు ప్రచురించవద్దని మనవి.)